బానెట్ ఎత్తని జడ్జిగారు

మా మందుల షాపుకి ఎదురు షెడ్డులో ఉండే మెకానిక్‌కి ఒకటే జబ్బు. బండికి ఏమైందో దాని యజమాని తన నోటితో, మొదటి నుంచి చివరి దాకా, ఉన్నది ఉన్నట్టు చెబితే తప్ప ఆయన బానెట్ ఎత్తరు. సగం నిజం చెప్పినవాళ్ళకి సగం ఎత్తడమనేది కూడా లేదు. ఆయనకో పేరు ఉండే ఉంటుంది. బోర్డు మీద రంగు రాలిపోయి చాలా ఏళ్ళయింది కాబట్టి అదేమిటో ఎవరికీ తెలియదు. అందరూ జడ్జిగారూ అంటారు, ఆయనా పలుకుతారు.

షెడ్డులో ఒక స్టూలు ఉంది. దాని కాళ్ళలో ఒకటి పొట్టిది. ఎవరైనా బండి తెస్తే ఆ స్టూలు చూపించి కూర్చోమంటారు. తను ఒక పాత టైరు మీద కూర్చుని, చేతులు గుడ్డకి తుడుచుకుంటూ "ఊఁ, చెప్పండి" అంటారు. స్టూలు మీద కుదురుగా కూర్చున్నంతసేపూ ఏమీ కాదు. అబద్ధం చెప్పే మనిషి ఎలాగూ కాస్త అటూ ఇటూ కదులుతాడు కదా, అప్పుడది లటుక్కున ఒరుగుతుంది. దాన్ని బాగు చేసుకోమని నేనే చాలాసార్లు చెప్పాను. "అది బాగానే పనిచేస్తోందమ్మా" అనేవారు.

తొమ్మిదేళ్ళుగా మా షాపులో మందులు ఇచ్చేది నేనే. రోడ్డు ఇరుకు, ఆయన గొంతు పెద్దది. కౌంటర్ దగ్గర నిలబడితే విచారణ మొత్తం వినిపించేది. దగ్గు మందు కోసం వచ్చినవాళ్ళు కూడా దగ్గు ఆపుకుని తీర్పు విని వెళ్ళేవారు.

ఒకసారి లెక్కల మాస్టారు తలుపు సొట్టపడిన కారు తెచ్చారు.

"ఎలా జరిగింది మాస్టారూ?"

"గేటు తగిలిందండీ."

"గేటు ఎటు నుంచి వస్తోంది?"

"అంటే, నేనే వెనక్కి తీస్తున్నాను."

"వెనక్కి చూస్తూనే తీస్తున్నారా?"

"చూస్తూనే."

స్టూలు ఒరిగింది. మాస్టారు సర్దుకుని కూర్చున్నారు.

"అద్దంలో చూస్తున్నానండీ."

"అద్దంలో గేటు కనపడలేదా?"

మాస్టారు చాలాసేపు తన చెప్పులు చూసుకున్నారు. "ఆ రోజే మీసానికి రంగు వేసుకున్నాను. ఎలా ఉందోనని చూసుకుంటున్నాను."

"ఎలా ఉంది?"

"బాగానే ఉంది."

"ఆఁ" అని జడ్జిగారు లేచి పానా అందుకున్నారు. ఇవతల నేను నవ్వు ఆపుకోలేక ఎవరికో తలనొప్పి మాత్రల బదులు విరేచనాల మాత్రలు కట్టబోయాను.

డాక్టరుగారి కేసు ఇంకా పెద్దది. ఆయన పెట్రోలు కారుకి డీజిలు కొట్టించి, ఆ మాట చెప్పడానికి నామోషీ పడి, రెండు గంటలు ఆ స్టూలు మీద ఊగుతూ కూర్చున్నారు. చివరికి విసుగొచ్చి, "నువ్వు మెకానిక్‌వా, పోలీసువా? నా దగ్గరికి వచ్చే రోగులు సవాలక్ష అబద్ధాలు చెబుతారు. నేను మందు ఇవ్వడం లేదా?" అన్నారు.

"ఇస్తున్నారు. అందుకే వాళ్ళు మళ్ళీ మళ్ళీ మీ దగ్గరికే వస్తున్నారు" అన్నారు జడ్జిగారు.

జడ్జిగారికి ఇంట్లోనూ ఇదే వరస. ఒకరోజు వాళ్ళావిడ కాలిన బొబ్బకి మందు కోసం మా షాపుకి వచ్చి చెప్పింది. పాలు పొంగిపోయాయట. ఈయన పీట వేసుకుని కూర్చుని, పొంగేముందు ఏం జరిగింది, దానికి ముందు ఏం జరిగింది అని అడుగుతూ పోయారట. "పొంగేముందు మీరు పిలిచారు, నేను వచ్చాను. మీరు పిలిచింది కళ్ళజోడు ఎక్కడుందని అడగడానికి. కళ్ళజోడు మీ నెత్తి మీదే ఉంది" అని ఆవిడ వాంగ్మూలం ఇచ్చింది. ఆయన కాసేపు ఆలోచించి, లేచి, పొయ్యి గట్టు తనే తుడిచారట.

ఇలా ఆ స్టూలు ఎక్కిన ప్రతివాళ్ళనీ చూసి నేను కడుపుబ్బ నవ్వాను. ఆ నవ్విన నవ్వులన్నీ తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది. నేనూ ఆ స్టూలు ఎక్కుతానని కలలో కూడా అనుకోలేదు.

మా మామగారికి ఒక పాత కారు ఉంది. మా ఆయనకంటే రెండేళ్ళు చిన్నది, ఆయనకంటే ఎక్కువ గారాబంగా పెరిగింది. మామయ్య సర్వేయరుగా చేసి రిటైరయ్యారు. నేను ఆ ఇంటి కోడలిగా వెళ్ళిన మరుసటి నెలలోనే పక్కన కూర్చుని నాకు డ్రైవింగ్ నేర్పారు. నేను గోడ గుద్దినా గొంతు పెంచని మనిషి. ఆయన నాకు చెప్పిన జాగ్రత్త ఒక్కటే: "అమ్మాయ్, ఇంజను వేడెక్కితే బండి పక్కకి ఆపు. గంట ఊరుకో. చల్లారాకే నీళ్ళు." ఆ ఒక్క ముక్కా నాకు వందసార్లు చెప్పి ఉంటారు.

ఈ మధ్య ఆయనకి మతిమరుపు వచ్చింది. గొడుగు బ్యాంకులో, సంచి కూరగాయల దుకాణంలో, ఒకసారి మా అత్తయ్యని దంతవైద్యుడి దగ్గర మర్చిపోయి వచ్చారు. అప్పటినుంచీ అత్తయ్య పొద్దున్నే కాఫీతో పాటు "ఇవాళ ఏం మర్చిపోబోతున్నారు?" అని అడగడం మొదలుపెట్టింది. మామయ్య నవ్వేవారు గానీ ఆ నవ్వు పెదాల దగ్గరే ఆగిపోయేది. ఏం మర్చిపోయినా, రోజూ పొద్దున్నే కారు రేడియేటరులో నీళ్ళు చూసి మూత బిగించడం మాత్రం ఆయన మర్చిపోయేవారు కాదు. "ఇదొక్కటీ ఉంది కదా నా చేతిలో" అనేవారు.

ఆ రోజు ఊరి చివర క్లినిక్‌కి ఇన్సులిన్ ఇచ్చి రావాలి. మామయ్యని అడిగి కారు తీసుకున్నాను. మందులు ఐసు పెట్టెలో సర్ది, తీసుకెళ్ళి అప్పగించాను. తిరిగి వచ్చేటప్పుడు పెట్టెలో కరిగిన ఐసు నీళ్ళూ, కొన్ని ముక్కలూ, ఒక ఖాళీ అట్టపెట్టె మిగిలాయి. వంతెనకి ముందు ఎత్తు రోడ్డు ఉంది. నా ముందు ఒక లారీ. దాన్ని దాటాలని నాకు బుద్ధి పుట్టింది. ఎందుకు పుట్టిందంటే ఏం చెప్పను, పుట్టింది. వేడి చూపించే ముల్లు ఎర్ర గీత దాటడం నేను చూశాను. చూసి కూడా, ఈ లారీ ఒక్కటీ దాటాక ఆపుదాంలే అనుకున్నాను. లారీని దాటాను. వంతెన మీద బానెట్ లోంచి ఆవిరి తన్నుకొచ్చింది.

ఇక్కడ నా తొమ్మిదేళ్ళ అనుభవం నా కొంప ముంచింది. మామయ్య చెప్పినవి వందసార్లు అయితే, నేను కౌంటర్ దగ్గర చెప్పినవి వెయ్యిసార్లు: జ్వరం బాగా ఎక్కువైతే చల్లటి తడిగుడ్డ వేయండి. నా చేతులు నన్ను అడగలేదు. బానెట్ ఎత్తి, ఐసు పెట్టె తీసి, ముక్కలతో సహా ఆ మండుతున్న ఇనుము మీద కుమ్మరించాను. టంగుమని ఒక చప్పుడు వచ్చింది. గాజు గ్లాసు పగిలినట్టు కాదు, దానికంటే బరువైన చప్పుడు. తరవాత కింద నీళ్ళు కారడం మొదలైంది.

ఇంజన్ బ్లాక్ పగిలింది. అది ఇంజను మొత్తానికీ ఒళ్ళులాంటి ఇనుప దిమ్మ, మిగతావన్నీ దానిలోనే ఉంటాయి. అది పగలడం అంటే ఏమిటో నాకు తెలుసు. ఇంటికి ఫోను చేసి మాత్రం, "దారిలో దానంతట అదే ఆగిపోయింది మామయ్యా" అన్నాను. ఆ మాట ఎంత సులువుగా వచ్చిందో నాకే ఆశ్చర్యం.

తాడు కట్టి లాక్కొచ్చి షెడ్డులో పెట్టాక జడ్జిగారు స్టూలు చూపించారు. దాని సంగతి నాకు తెలుసు కదా, ఊపిరి కూడా జాగ్రత్తగా పీలుస్తూ బిగుసుకుని కూర్చున్నాను.

"ఊఁ, చెప్పమ్మా."

"వస్తుంటే ఆగిపోయింది."

"ఆగేముందు?"

"నడుస్తోంది."

"నడిచేముందు?"

"ఆగి ఉంది."

ఆయన నన్ను చూశారు, స్టూలుని చూశారు. అది ఒరగనందుకు ఆయనకి కాస్త నొచ్చినట్టుంది. లేచి కారు మీద టార్పాలిన్ కప్పి, "వాయిదా" అన్నారు.

అక్కడి నుంచి నా బతుకు బజారున పడింది. రోజూ పొద్దున్నే షాపు తెరవగానే రోడ్డు అవతల నుంచి, "అమ్మా, ఏమైనా గుర్తొచ్చిందా?" అని ఆ గొంతుతో అడిగేవారు. "లేదండీ" అని నేను మందుల అరలు సర్దుకునేదాన్ని. లెక్కల మాస్టారు ఒక్క రోజులో మూడుసార్లు వచ్చి, ప్రతిసారీ ఒకే ఒక్క గొంతునొప్పి బిళ్ళ కొని, మీసం దువ్వుకుంటూ అటూ ఇటూ చూసి వెళ్ళారు. ఆయన్ని ఏమనగలను? నవ్వినదాన్ని నేనే.

అవన్నీ పడొచ్చు. ఇంట్లో జరిగింది మాత్రం పడలేకపోయాను. రెండో రోజు మామయ్య వరండాలో కూర్చుని, "అమ్మాయ్, ఆ రోజు పొద్దున నేను మూత బిగించానో లేదో ఎంత ఆలోచించినా గుర్తు రావడం లేదు" అన్నారు.

"అదేం కాదులే మామయ్యా" అన్నాను. అక్కడితో ఆగాను.

"మూత వదులైతే నీళ్ళన్నీ పోతాయి. నీళ్ళు పోతే ఇంజను ఆగక ఏమవుతుంది? అందులో నువ్వున్నావు. నీకేమైనా అయి ఉంటే?" అన్నారు. నాలుగో రోజు డ్రైవింగ్ లైసెన్సూ, రెండో తాళం చెవీ ఒక కవరులో పెట్టి బీరువా పైఅరలోకి తోసేశారు. "ఇక నేను నడపను. నన్ను నేను నమ్మలేకపోతున్నాను" అన్నారు. మరుసటి పొద్దున అత్తయ్య కాఫీ ఇస్తూ ఏమీ అడగలేదు. ఆవిడ దెప్పకపోవడం నేను చూడటం అదే మొదటిసారి.

ఆరో రోజు షాపులో ఉండగా ఎదురు షెడ్డులోకి మామయ్య వెళ్ళడం చూశాను. స్టూలు మీద కూర్చున్నారు. చేతులు ఒళ్ళో పెట్టుకుని, తల వంచుకుని ఏదో చెబుతున్నారు. జడ్జిగారు ఒక్క ప్రశ్న వేయలేదు. స్టూలు కూడా కదలలేదు. చివర్లో ఆయన మామయ్య భుజం మీద చెయ్యి వేసి వీధి దాకా పంపి వచ్చారు. మామయ్య మా షాపు వైపు చూడకుండా వెళ్ళిపోయారు.

నేను కౌంటర్ వదిలేసి రోడ్డు దాటాను.

"ఆయన చెప్పేశారుగా, ఇక బండి తెరవొచ్చుగా?" అన్నాను.

"ఆయన చెప్పింది ఈ బండి గురించి కాదమ్మా. ఈ బండికి మూత బిగించే ఉంది. నువ్వు తెచ్చిన రోజే తిప్పి చూశాను."

"బానెట్ ఎత్తారా? మీరు ఎత్తరుగా?"

"ఎప్పుడూ ముందే ఎత్తుతాను, ఎవరూ చూడకుండా. ఎత్తకపోతే ఎవరు ఎక్కడ అబద్ధం చెబుతున్నారో నాకెలా తెలుస్తుంది?" అంటూ చొక్కా జేబులోంచి ఒక కాగితం ముక్క తీసి నా చేతిలో పెట్టారు. కాలి, ముడుచుకుపోయిన చీటీ అది. మా ఇన్సులిన్ అట్టపెట్టె మీది చీటీ, నీళ్ళలో నాని ఊడి ఐసుతో పాటు పడిపోయింది. 'చల్లని చోట ఉంచవలెను' అని ఉంది. "ఇది ఇంజన్ బ్లాక్‌కి అతుక్కుని ఉంది."

నేను స్టూలు మీద కూలబడ్డాను. అది ఒరిగింది. ఒరిగినా పట్టించుకోకుండా అలాగే వంకరగా కూర్చుని మొత్తం చెప్పాను. లారీ చెప్పాను, ఎర్ర గీత చెప్పాను, చూసి కూడా ఆపకపోవడం చెప్పాను, తడిగుడ్డ సంగతి చెప్పాను, టంగుమన్న చప్పుడు చెప్పాను. మామయ్య మూత గురించి అడిగినప్పుడు నోరు మూసుకున్నది చెప్పేటప్పుడు ఏడుపు వచ్చింది. జడ్జిగారు వింటూనే ఉన్నారు.

"ఐసు ముక్కలు ఎన్ని ఉంటాయి?"

"అదెందుకండీ ఇప్పుడు? పదో పన్నెండో."

"నీళ్ళు ముందు పడ్డాయా, ముక్కలు ముందా?"

నాకు ఒళ్ళు మండింది. "అన్నీ ఒప్పుకున్నాను కదండీ. ఇంకా ఈ ఆరాలెందుకు? మనిషిని పూర్తిగా చంపేస్తే గానీ మీకు తృప్తి ఉండదా?"

ఆయన నిజంగానే ఆశ్చర్యపోయారు. "పూర్తి నిజం తెలియకుండా అబద్ధం ఎలా చెప్పమంటావమ్మా?"

"ఏం అబద్ధం?"

జడ్జిగారు వీధి వైపు ఓసారి చూసి, గొంతు తగ్గించారు. ఆ గొంతు తగ్గుతుందని నాకు అప్పటిదాకా తెలియదు. "మాస్టారి భార్యకి గేటు కీలు జారిందని చెప్పాను. డాక్టరుగారి ఇంట్లో పెట్రోలు గొట్టంలో చెత్త పేరుకుందని చెప్పాను. బండి పాడైతే బాగు చేస్తాను సరే. ఆ బండి యజమాని ఇంటికెళ్ళి తల ఎత్తుకోవాలా వద్దా? వాళ్ళింట్లోవాళ్ళు వచ్చి నన్ను అడుగుతారు. పది రకాలుగా అడుగుతారు. అసలు ఏం జరిగిందో ఇంచు ఇంచూ తెలిస్తేనే ఎక్కడా దొరకని కథ అల్లగలను. సగం తెలిసి చెబితే ఇద్దరం దొరికిపోతాం."

తొమ్మిదేళ్ళు నేను నవ్వుకుంటూ చూసింది ఇదా అనుకున్నాను. అంత దగ్గర్లో ఉండి, నాకు వినపడనిది ఇదొక్కటే.

"మరి మామయ్యకి కూడా ఏదో ఒకటి చెప్పేయండి" అన్నాను. అంత జరిగాక కూడా నా నోటికి ముందు వచ్చింది ఆ మాటే. దాచడం దేనికి?

"ఇందాకే చెప్పాను. మూత బిగించే ఉంది, ఇనుము ముసలిదైపోయి దానంతట అదే పగిలింది అన్నాను. 'జాలితో అంటున్నారు' అన్నారు. ఇన్నేళ్ళలో నా కథ నమ్మని మనిషి ఆయనొక్కరే. కాస్త అవమానంగానే ఉంది" అన్నారు జడ్జిగారు. "తప్పు చేసినవాడిని దాచడానికి నా దగ్గర వెయ్యి కథలున్నాయమ్మా. చెయ్యని తప్పు నెత్తిన వేసుకున్నవాడికి ఇవ్వడానికి ఒక్కటీ లేదు. అది నీ దగ్గరే ఉంది."

షాపు మూసేసి ఇంటికి నడిచాను. కిలోమీటరు దూరంలో ఎనిమిదిసార్లు ఆగాను. మామయ్య వరండాలోనే ఉన్నారు. అత్తయ్య వంటింట్లో ఉందని చూసుకుని, ఆయన ఎదురుగా మెట్టు మీద కూర్చుని, జడ్జిగారికి చెప్పినట్టే మొదటి నుంచి చెప్పాను. తల ఎత్తే ధైర్యం లేక ఆయన కాలి వేళ్ళకే చెప్పాను.

అంతా విని మామయ్య కుర్చీ అంచుకి జరిగారు.

"మూత?" అన్నారు.

"బిగించే ఉంది మామయ్యా. జడ్జిగారు చూశారు."

"గట్టిగానా?"

"గట్టిగానే."

"తిప్పి చూశారా, ఊరికే పైపైన చూశారా?"

"తిప్పి చూశారు."

మామయ్య కుర్చీలో వెనక్కి వాలారు. వారం రోజులుగా ముందుకి వంగిపోయి ఉన్న మనిషి. "అయితే బిగించాను" అని తనలో తనే అనుకున్నారు. ఆ తరవాత గుర్తొచ్చినట్టు నా వైపు తిరిగి, కోపం తెచ్చుకోబోయారు. "ఐసు పోశావా? వందసార్లు చెప్పాను కదే?"

"జ్వరం వచ్చిందనుకున్నాను మామయ్యా."

కోపం సగంలోనే చెడిపోయి ఆయనకి నవ్వు వచ్చింది. నవ్వుతూ నవ్వుతూ కళ్ళు తుడుచుకున్నారు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నేను క్షమించమని అడగబోతుంటే చెయ్యి అడ్డం పెట్టి, వంటింటి వైపు చూశారు.

"మీ అత్తయ్యకి చెప్పావా?"

"ఇంకా లేదు."

"చెప్పకు. చెబితే ఇక మనం పోయేదాకా నీకు ఐసు దెప్పూ నాకు మూత దెప్పూ తప్పవు. ఆవిడకి చెప్పాల్సింది జడ్జిగారు చెబుతారు." ఇంకా చిన్న గొంతుతో అన్నారు: "నీకు పెళ్ళి కాకముందు నేను మన గేటు స్తంభాన్ని గుద్దాను. అది వానకి ఒరిగిందని మీ అత్తయ్య ఇప్పటికీ అనుకుంటోంది."

జడ్జిగారు ఆ సాయంత్రమే టార్పాలిన్ తీశారు. ఇనుము మీద కిరసనాయిలు రాసి, తుడిచి, చాక్‌పొడి చల్లారు. పగులు నల్లటి వెంట్రుకలా తేలింది. రెండు కొసల దగ్గరా రంధ్రం వేసి ఇక సాగకుండా ఆపారు. తరవాత పగులు పొడవునా పక్కపక్కనే మరలు బిగించి, ఇనుముని కుట్టుకుంటూ వచ్చారు. దానికి పది రోజులు పట్టింది. ఇంజను స్టార్టు చేసి గంటసేపు నడిపినా చుక్క నీరు కారలేదు.

బండి తెచ్చుకోవడానికి ముగ్గురం వెళ్ళాం. లైసెన్సు మామయ్య జేబులో ఉంది. అత్తయ్య నేరుగా వెళ్ళి జడ్జిగారి ఎదురుగా నిలబడింది. ఆయన స్టూలు చూపించారు. ఆవిడ కూర్చోలేదు.

"ఇది ఎందుకు పగిలింది?" అని అడిగింది.

"పోత పోసినప్పుడే లోపల ఒక గాలి బుడగ ఉండిపోయిందండీ" అన్నారు జడ్జిగారు. పాత ఇనుము ఎలా అలసిపోతుందో, ఆ బుడగ ఇన్నేళ్ళూ ఎలా కాచుకుని కూర్చుందో, సరిగ్గా వంతెన మీదే ఎందుకు పగిలిందో, పగులు మీద వేలు పెట్టి చూపిస్తూ వివరించారు. నాకు తెలిసిన నిజంలో ప్రతి ముక్కా అందులో ఉంది, నేను తప్ప.

అత్తయ్య మొత్తం విన్నది. ఒకసారి ఆయన్ని చూసింది, ఒకసారి మమ్మల్ని చూసింది.

"అంటే ఇందులో వీళ్ళిద్దరి తప్పూ ఏమీ లేదంటారు?"

"రవ్వంత కూడా లేదండీ" అన్నారు జడ్జిగారు, రెప్ప వేయకుండా ఆవిడ కళ్ళలోకి చూస్తూ. మామయ్యా నేనూ ఒకరి పక్కన ఒకరం నిలబడి, నేల మీద రాలిన చాక్‌పొడి వైపు చూస్తున్నాం.